సంఘంలో కానుకల లెక్క: సభ్యుల పేరిట ఖాతాలు తెరవాలా?

తమ్ముడూ, వందనాలు.

మీ ప్రశ్న నిదానంగా చదివాను. బెంగళూరులో కృష్ణరాజపురం వైపు ఉన్న తెలుగు క్రైస్తవ సంఘానికి ఈ ఏడాది మిమ్మల్ని కోశాధికారిగా ఎన్నుకున్నారు. 140 కుటుంబాలు. ఇంతవరకు లెక్కంతా పొడుగు నోటుపుస్తకాల్లో ఉంది, దాన్ని ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులోకి ఎక్కించమన్నారు. ప్రతి సభ్యుడి పేరిట ఒక లెడ్జర్, అంటే ఖాతా, తెరిచి, ఏడాది చందాను అతడి మీద బాకీగా రాసి, ఇచ్చినప్పుడల్లా జమ కట్టుకుంటూ పోతే సరిపోతుందా అని అడిగారు. మార్చి తరువాత ప్రతి ఇంటికీ వాళ్లు ఎంత ఇచ్చారో తెలిపే కాగితం అందించాలని పెద్దలు కోరినట్టు కూడా రాశారు.

సభ్యులను బాకీదారులుగా రాయకండి. మిగతా ఏర్పాట్లు మీ వీలును బట్టి మార్చుకోవచ్చు, ఇది మాత్రం వద్దు. ఎందుకు వద్దో ముందు చెబుతాను. మొదటి ఏడాది నేను చేసింది సరిగ్గా ఇదే.

నేను ఒక మందుల పంపిణీ సంస్థలో ఇరవై ఆరేళ్లు లెక్కలు రాసి రిటైరయ్యాను. లింగరాజపురం దగ్గరి మా తెలుగు సంఘంలో పదిహేడేళ్లు కోశాధికారిగా ఉన్నాను. ఆఫీసులో మా దగ్గర సరుకు తీసుకునే ప్రతి మందుల షాపుకూ సండ్రీ డెటర్స్ (మనకు బాకీ ఉన్నవాళ్ల గుంపు) కింద ఒక లెడ్జర్ ఉండేది. చేతికి అలవాటైన పద్ధతి కదా అని సంఘ సభ్యులందరినీ ఆ గుంపులోనే పెట్టాను. నెలకు 100 రూపాయల చొప్పున ఏడాది చందా 1,200. ఏప్రిల్ 1న అందరి ఖాతాలూ డెబిట్ చేసి, చందా ఆదాయానికి క్రెడిట్ ఇచ్చాను. చూడటానికి ఎంతో పొందికగా ఉంది. మార్చి ముగిశాక సర్వసభ్య సమావేశం కోసం లెక్కలు సిద్ధం చేస్తూ బాకీల పట్టిక కూడా అచ్చు తీశాను. మిగతా కాగితాలతో పాటు అది కూడా నోటీసు బోర్డు ఎక్కింది.

నాలుగిళ్లలో పని చేసుకునే ఒక అక్క మా సంఘంలో ఉండేది. ఆ ఏడాది వానాకాలంలో ఆమె భర్త పోయాడు. ఆరాధన అయ్యాక ఆమె ఆ బోర్డు ముందు నిలబడి, వేలితో ఒక్కొక్క వరుసే దించుకుంటూ వచ్చి తన పేరు దగ్గర ఆగింది. ఎదురుగా 900. పైన ‘రావలసిన బాకీలు’ అని శీర్షిక. తరువాతి రెండు ఆదివారాలు ఆమె రాలేదు. మూడో వారం నేనే వాళ్లింటికి వెళ్లాను. మంచం కింది రేకు డబ్బా తీసి తొమ్మిది వంద నోట్లు నా చేతిలో పెట్టి, “బాకీ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి ఎలా వస్తానమ్మా” అంది. ఆ డబ్బు తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, తప్పు నాదని చెప్పి వచ్చాను. ఆమె వారం వారం కానుక సంచిలో పదో ఇరవయ్యో వేస్తూనే ఉండేదని ఆ తరువాత తెలిసింది. సంచిలో పడ్డ నోటుకు పేరుండదు కాబట్టి నా లెక్కలో అది ఆమె ఖాతాకు ఎన్నడూ చేరలేదు.

ఇది మనసుకు సంబంధించిన విషయం మాత్రమే అనుకోకండి, లెక్కల శాస్త్రం ప్రకారం కూడా తప్పే. వసూలు చేసుకునే హక్కు ఉన్నప్పుడే అది రావలసిన బాకీ అవుతుంది. ఒక మనిషి సంఘానికి ఇస్తానని నోటితో చెప్పిన కానుకను మనం నోటీసు పంపి రాబట్టుకోం కదా. రాని డబ్బును ఆదాయంగా చూపిస్తే ఆస్తి అప్పుల పట్టీ ఉబ్బిపోతుంది. పన్ను మినహాయింపు కోసం సంస్థ ఆదాయంలో 85 శాతం ఉద్దేశించిన పనులకు ఖర్చు చేసినట్టు చూపించాల్సిన చోట, చేతికి రాని సొమ్ముకు కూడా లెక్క చెప్పుకోవలసి వస్తుంది. కాబట్టి కానుక చేతికి అందిన రోజునే రాయాలి. ఎవరెంత ఇస్తామని మాట ఇచ్చారో గుర్తుంచుకోవాలంటే దానికి వేరే కాగితం పెట్టుకోండి, అది ట్యాలీలోకి రాకూడదు.

ఇక ఎలా రాయాలో చూద్దాం. ఆదివారం డబ్బు వచ్చినప్పుడు మనం రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఏ పద్దులో ఎంత వచ్చింది అనేది ఒకటి, ఎవరిచ్చారు అనేది రెండోది. మొదటిది లెడ్జర్ పని. రెండోది లెడ్జర్ పని కాదు. పూర్వం చిట్టా ఆవర్జా (రోజువారీ పుస్తకం, ఖాతాల పుస్తకం) రాసిన పెద్దలు కూడా కానుకల పద్దు ఒక పుస్తకంలో, సభ్యుల పేర్లు వేరే పుస్తకంలో ఉంచి, రెంటినీ రసీదు నంబరుతో కలిపేవారు. మీ నోటుపుస్తకాలు తిరగేస్తే బహుశా అదే పద్ధతి కనిపిస్తుంది. ట్యాలీలో ఈ రెండో పుస్తకం పని చేసేది కాస్ట్ సెంటర్. వ్యాపార సంస్థలు శాఖల వారీగా, పనుల వారీగా ఖర్చు చూసుకోవడానికి వాడే సదుపాయం ఇది. మన అవసరానికి సభ్యుడే కాస్ట్ సెంటర్.

లెడ్జర్లు తక్కువగా పెట్టుకోండి. దశమభాగాలు, ఆదివారపు కానుకలు, సంవత్సర చందా, కృతజ్ఞత కానుకలు, పంటల పండుగ రాబడి. ఈ ఐదూ ఆదాయం కింద. పుట్టినరోజు కానుక, పెళ్లిరోజు కానుక, కొత్త బండి కొన్నందుకు ఇచ్చిన కానుక అని ఒక్కొక్కదానికి లెడ్జర్ తెరవమని అడిగేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. అవన్నీ కృతజ్ఞత కానుకలే, సందర్భాన్ని వోచర్ (ఒక లావాదేవీని రాసే పత్రం) కింది వివరణలో రాస్తే చాలు.

ఫలానా పనికే అని చెప్పి ఇచ్చిన డబ్బును మాత్రం ఆదాయంలో కలపకూడదు. మందిర నిర్మాణ నిధి, పేదల సహాయ నిధి, సువార్త నిధి లాంటివాటికి క్యాపిటల్ అకౌంట్ కింద ‘ప్రత్యేక నిధులు’ అని ఒక గుంపు చేసి అందులో ఒక్కొక్క లెడ్జర్ తెరవండి. పేదల సహాయానికి ఖర్చు పెట్టినప్పుడు ఆ నిధి నుంచే తగ్గించండి. అప్పుడు ఏ నెలలో అడిగినా ఆ నిధిలో ఎంత మిగిలిందో ఒక్క చూపులో తెలుస్తుంది. పాస్టరుగారి జీతం వేళకు బ్యాంకులో డబ్బు కనబడింది కదా అని పైకప్పు కోసం వచ్చిన సొమ్ము వాడేసే ప్రమాదం ఇక్కడే ఆగుతుంది. మూలధనంగా ఉంచమని దాత స్పష్టంగా కోరి ఇచ్చినది ఇంకొక రకం. దాన్ని కార్పస్ అంటారు. దానికి దాత చేత కాగితం మీద రాయించుకోవాలి, చట్టం అనుమతించిన పద్ధతుల్లోనే దాన్ని మదుపు చేయాలి. మందిర నిధికి వచ్చిందంతా కార్పస్ అని మీరే నిర్ణయించేసుకోకండి.

కాస్ట్ సెంటర్ల సదుపాయం ఎఫ్11 నొక్కితే వచ్చే అమరికల్లో ఉంటుంది. దాన్ని తెరిచి, ముందు ‘సభ్యులు’ అని ఒక కాస్ట్ కేటగిరీ చేయండి. అక్కడ ఆదాయ పద్దులకు వర్తింపజేయాలా, ఆదాయం కాని పద్దులకు కూడా వర్తింపజేయాలా అని రెండు ప్రశ్నలు అడుగుతుంది. రెండింటికీ అవునని చెప్పండి. రెండోదానికి కాదని వదిలేస్తే క్యాపిటల్ అకౌంట్ కింద ఉన్న నిధుల దగ్గర సభ్యుల పేర్లు అడగదు. అప్పుడు ఒక కుటుంబం మందిర నిర్మాణానికి ఇచ్చిన 50,000 వాళ్ల ఏడాది కాగితంలో కనిపించదు. నేను చూసిన సంఘాల్లో చాలామంది తడబడేది ఈ ఒక్క జవాబు దగ్గరే.

తరువాత ఒక్కొక్క కుటుంబానికి ఒక కాస్ట్ సెంటర్. పేరు కంటే ముందు సభ్యత్వ సంఖ్య రాయండి. మా సంఘంలో ఒకప్పుడు మరియమ్మలు ఆరుగురు, యేసురత్నాలు నలుగురు ఉండేవారు. ఇంటిపేరు రాసినా ఇద్దరు మరియమ్మలకు ఇంటిపేరు ఒకటే, తోడికోడళ్లు. 047, 048 అని సంఖ్యలు ఇచ్చాకే ఒకరి కానుక మరొకరికి జమ కావడం ఆగింది. అదే సంఖ్యను కానుక పెట్టి ఇచ్చే కవర్ల మీద ముందే అచ్చు వేయించి పంచండి. కవరు మీద పేరు రాయక్కరలేదు, సంఖ్య చాలు. ఇస్తున్నది పక్కవాళ్లకు తెలియకూడదని కోరుకునే వాళ్లకు అది పెద్ద ఊరట. చివరగా 000 సంఖ్యతో ‘పేరు లేనివి’ అని ఒక కాస్ట్ సెంటర్ చేయండి. సంచిలో పడ్డ విడి నోట్లు, నాణేలు అన్నీ దీనికే చేరతాయి.

ఒక ఆదివారం లెక్క ఉదాహరణగా రాస్తాను. మొత్తం నగదు 21,640 రూపాయలు వచ్చిందనుకోండి. కవర్లలో దశమభాగాలు 14,500, కృతజ్ఞత కానుకలు 2,600, సంచిలో విడిగా 4,540. ఎఫ్6 నొక్కి ఒకే రసీదు వోచర్ తెరవండి. నగదు ఖాతాలోకి 21,640. కింద దశమభాగాలు 14,500 అని రాయగానే సభ్యుల పట్టిక అడుగుతుంది, అక్కడ 012కి 3,000, 031కి 1,500 అంటూ 14,500 పూర్తయ్యే వరకు నింపాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా అది ముందుకు వెళ్లనివ్వదు. కృతజ్ఞత కానుకలకూ అలాగే. సంచిలోని విడి 4,540 ఆదివారపు కానుకల పద్దులో, మొత్తం 000కి. వారానికి ఒకటే వోచర్, దానిలోనే ఇరవై ముప్పై పేర్లు. ఈ వోచరుకు ‘ఆదివారపు రసీదు’ అని వేరే రకం సృష్టించి, నంబర్లు ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేలా అమర్చుకుంటే వెతకడం తేలిక.

ఏడాది చివర స్టేట్‌మెంట్స్ ఆఫ్ అకౌంట్స్‌లోకి వెళ్లి, కాస్ట్ సెంటర్స్ కింద ఒక సభ్యుడి సంఖ్య ఎంచుకుంటే అతడు ఏ పద్దులో ఎంత ఇచ్చాడో వరుసగా వస్తుంది. పెద్దలు అడిగిన కాగితం అదే. అందరి మొత్తం, 000తో కలిపి, లెడ్జర్ల మొత్తంతో సమానం కావాలి. కాకపోతే ఏదో ఒక వోచరులో కాస్ట్ సెంటర్ వదిలేశారన్నమాట.

మీ సంఘం ట్యాలీ కొనలేకపోతే ఉచితంగా దొరికే గ్నూక్యాష్ వాడవచ్చు, లేదా చెన్నై సంస్థ జోహో వారి బుక్స్ వాడవచ్చు. వాటిలో సభ్యులను కస్టమర్లుగా నమోదు చేయవలసి రావచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లకు మనిషి అంటే కొనుగోలుదారే. అలా అయినా భయం లేదు, ఇన్‌వాయిస్ (ఇంత ఇవ్వాలని పంపే బిల్లు) మాత్రం చేయకండి. ఇన్‌వాయిస్ చేసిన క్షణమే బాకీ పుడుతుంది. డబ్బు అందిన వెంటనే రాసే సేల్స్ రసీదు లాంటిది ఎంచుకుంటే బాకీ మాటే రాదు.

సాఫ్ట్‌వేర్ గురించి ఇంత రాశాను కానీ, ఈ లెక్క నిజంగా నిలబడేది ఆరాధన తరువాత వేసే బల్ల దగ్గర. మా దగ్గర ఇద్దరు కలిసి లెక్కిస్తారు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, కోశాధికారి ఆ ఇద్దరిలో ఒకరు కాకూడదు. సంచి బల్ల మీద బోర్లిస్తే ముందు బయటపడేవి చెంగు ముడిలో నలిగి, చెమటకు మెత్తబడ్డ పది రూపాయల నోట్లు. నాలుగు మడతలు పెట్టి ఉంటాయి. ఒక్కొక్కటి విప్పి, అరచేత్తో సాపు చేసి, పదులు ఒక కట్ట, ఇరవైలు ఒక కట్ట, నాణేలు విడిగా పేర్చాలి. ఆ పని తొందరగా కానిచ్చేవాళ్లను నేను బల్ల దగ్గర కూర్చోనివ్వను. రోజు కూలికి వెళ్లే తల్లి ఆ నోటును ఎంత భద్రంగా దాచి తెచ్చిందో అది విప్పుతున్నప్పుడు వేళ్లకు తెలుస్తుంది.

లెక్కింపు కాగితంలో 500 నోట్లు ఎన్ని, 200వి ఎన్ని, 100వి ఎన్ని అని వరుసగా రాసి, ఇద్దరూ సంతకం చేసి, తేదీ వేయాలి. కవరు మీద 500 అని ఉండి లోపల 400 ఉంటే 400 అనే రాయాలి. ఆ కవరు పారేయకుండా కాగితానికి పిన్ను పెట్టి, ఆ సభ్యుడికి మీరే ఒంటరిగా, మర్యాదగా చెప్పాలి. ఎక్కువసార్లు అది లెక్కపెట్టడంలో పొరపాటే. ఈ నోట్ల వివరం విలువ మాకు 2016లో తెలిసివచ్చింది. ఆ నవంబరు 8న 500, 1,000 నోట్లు రద్దయ్యాయి. బ్యాంకులో వేయవలసిన పాత నోట్లు ఎక్కడివని అడిగినప్పుడు ఏ ఆదివారం ఎన్ని వచ్చాయో సంతకాలతో ఉన్న కాగితాలు చూపించగలిగాం.

వచ్చిన నగదు వచ్చినట్టే బ్యాంకుకు వెళ్లాలి. మైకు బాగుచేసినవాడికి ఇవ్వాలి, సంచిలోంచి ఓ 600 ఇవ్వండి అని ఎవరైనా అంటే, పాస్టరుగారైనా సరే, వద్దనండి. ఖర్చుకు వేరే చిల్లర నగదు ఉంచుకుని దాని నుంచి ఇవ్వండి. 21,640 వచ్చి 21,040 బ్యాంకులో పడితే, ఆ 600 ఎంత న్యాయమైనదైనా లెక్కింపు కాగితానికీ పాసుపుస్తకానికీ పొత్తు కుదరదు. సోమవారం బ్యాంకులో వేశాక ఎఫ్4తో కాంట్రా వోచర్ (నగదు బ్యాంకులోకి మారినట్టు చూపేది) రాయండి.

తేదీల విషయంలో ఒక్క మాట. 2024లో ఈస్టరు మార్చి 31న, అంటే ఆర్థిక సంవత్సరం చివరి రోజున వచ్చింది. మామూలు ఆదివారం కంటే మూడింతల కానుక. ఏప్రిల్ 1న లెక్కల ముగింపు కోసం బ్యాంకులు మూసి ఉంటాయి కాబట్టి డబ్బు మంగళవారం 2న పడింది. మా కమిటీలో ఒకరు దాన్ని కొత్త ఏడాదిలో చూపిద్దామన్నారు. కుదరదు. కానుక అందింది 31న, కాబట్టి రసీదు ఆ రోజుదే. బ్యాంకులో వేసే వరకు అది చేతిలో ఉన్న నగదు, ఆ ఏడాది ఆస్తి అప్పుల పట్టీలో అలాగే కనబడాలి.

యూపీఐ గురించి మీరు అడగలేదు, కానీ బెంగళూరులో మీ రాబడిలో సగం దాని ద్వారానే రావచ్చు. మందిరంలో పెట్టే క్యూఆర్ కోడు సంఘం పేరిట ఉన్న ఖాతాదే కావాలి. పాస్టరుగారి ఫోనుకో, మీ ఫోనుకో వచ్చేలా ఒక్క వారం కూడా పెట్టకండి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లను చూసి చిన్న దుకాణదారులకు నోటీసులు పంపింది. చాలా బేకరీల ముందు యూపీఐ లేదు అని అట్టలు వేలాడాయి. ఆ భయంతో మా సభ్యులు కూడా క్యూఆర్ తీసేద్దామన్నారు. ప్రతిఫలం ఏదీ ఇవ్వకుండా తీసుకునే కానుక సరుకు అమ్మకం కాదు, సేవ అమ్మకం కాదు, దాని మీద జీఎస్టీ లేదు. అయితే ఆ జమ కానుకేనని చూపించే పుస్తకం మన దగ్గర ఉండాలి. ఆ డబ్బు ఒక మనిషి సొంత ఖాతాలో పడి ఉంటే ఆ మాట చెప్పుకోవడం కష్టం.

యూపీఐతో అసలు ఇబ్బంది పేర్లు. బ్యాంకు స్టేట్‌మెంటులో కొడుకు పేరు ఉంటుంది, కానుక తల్లిది. కోడలి ఫోను నుంచి మామగారి దశమభాగం వస్తుంది. పంపేటప్పుడు సభ్యత్వ సంఖ్య రాయమని చెప్పండి, సగం మంది రాస్తారు. ఏ నిధికో తెలియడానికి మేము ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. మందిర నిర్మాణానికి పంపేవారు మొత్తం చివర 7 వచ్చేలా పంపుతారు, 1,000కి బదులు 1,007. స్టేట్‌మెంటులో వివరణ కనబడకపోయినా అంకె కనబడుతుంది కదా. ఎవరిదో తేలని జమను ఊహించి ఎవరికో రాయకండి. వెంటనే 000కి కూడా తోసేయకండి. సస్పెన్స్ (సంగతి తేలే వరకు ఉంచే గుంపు) కింద ‘తేలని జమలు’ అని ఒక లెడ్జరులో ఉంచి, నెలకొకసారి తేదీ, 12 అంకెల రిఫరెన్సు సంఖ్యలో చివరి నాలుగు, ఇవి మాత్రం నోటీసులో పెట్టండి. పేరు, మొత్తం వద్దు. పంపినవాళ్లు తమ ఫోనులో చూసుకుని చెబుతారు. మార్చి 31 నాటికీ తేలనివి 000కి మార్చండి.

పన్ను మాట. ఇక్కడ నేను చెప్పే సెక్షన్లు, ఫారాలు 1961 చట్టం ప్రకారం ఉన్నవి. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఆ తేదీ నుంచి సంఖ్యలు వేరు, మీ ఆడిటరును అడిగి సరిచూసుకోండి. సభ్యులు ముందుగా అడిగేది 80జీ, అంటే విరాళం ఇచ్చినవారికి పన్ను రాయితీ ఇచ్చే సెక్షన్. ఒక మత సమాజం కోసమే ఏర్పడిన సంస్థకు 80జీ ఆమోదం దొరకదు. మీ సంఘం కేవలం ఆరాధన కోసం నమోదైనదైతే రసీదు మీద 80జీ అని అచ్చు వేయించకండి. కొందరు పాత రసీదు పుస్తకం చూసి అలాగే వేయిస్తారు, దాన్ని నమ్మి రిటర్నులో చూపించిన సభ్యుడు ఇరుక్కుంటాడు. పైగా కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఆ రాయితీ ఎలాగూ లేదు. సంఘం తరఫున వేరే సేవా ట్రస్టు ఉండి దానికి 80జీ ఉంటే, ఆ దాతల వివరాలు గుర్తింపు సంఖ్యతో సహా 10బీడీ ఫారంలో మే 31 లోపు దాఖలు చేసి, 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. నగదుగా 2,000 దాటి ఇచ్చినదానికి రాయితీ రాదు. ఆ ట్రస్టు పుస్తకాలు సంఘం పుస్తకాల్లో కలవకుండా ట్యాలీలో వేరే కంపెనీగా తెరవండి.

పేరు లేని కానుకల మీద 30 శాతం పన్ను అని ఎవరైనా భయపెడతారు. ఆ నిబంధన పూర్తిగా మతపరమైన సంస్థలకు వర్తించదు, కాబట్టి ఆదివారపు సంచికి దిగులు లేదు. సంఘం బడినో ఆసుపత్రినో నడుపుతూ, దానికోసమని ప్రత్యేకంగా వచ్చిన సొమ్ము అయితే దాత పేరు, చిరునామా తప్పక ఉండాలి. ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఎవరికైనా నిషేధమే. స్థలం అమ్మిన సంతోషంతో ఎవరైనా సంచి నిండా నోట్లు తెస్తే చేతులు జోడించి బ్యాంకు ద్వారా పంపమనండి.

మన తెలుగు సంఘాల్లో మరీ జాగ్రత్త అవసరమైనది విదేశాల నుంచి వచ్చే డబ్బు. ప్రతి వీధిలో ఒకరి పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. వాళ్లు ఇంకా భారత పౌరులే అయి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకుని దాచండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, రూపాయల్లో ఇచ్చినా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. నమోదు ఉన్నవారికి కూడా అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి, దానికి పుస్తకాలు వేరు. క్రిస్మస్ సెలవులకు వచ్చిన ఒక కుటుంబం మా సంచిలో ఇరవై డాలర్ల నోటు వేసింది. ఎవరు వేశారో కనుక్కుని, కారణం చెప్పి తిరిగి ఇచ్చాం. ఇవ్వడానికి ప్రాణం ఒప్పలేదు, కానీ ఇచ్చాం.

పంటల పండుగ వేలం గురించి తక్కువలో చెబుతాను. ఒకరు తెచ్చిన గుమ్మడికాయను ఇంకొకరు 4,000కి పాడుకుంటారు. పుస్తకంలోకి వచ్చేది పాడుకున్నవారి 4,000 మాత్రమే, పంటల పండుగ రాబడి కింద. పాట పాడి డబ్బు తరువాత ఇస్తానన్నవారిని కూడా బాకీగా రాయకండి, చీటీ మీద ఉంచుకోండి. ఎవరైనా కుర్చీలు, స్పీకర్లు ఇస్తే బిల్లు ధరకు జర్నల్ వోచర్ (డబ్బు చేతులు మారని లావాదేవీకి రాసేది) రాసి ఆస్తుల్లో చూపండి.

సభ్యుల వారీ వివరం ఎవరు చూడవచ్చో ముందే తీర్మానం చేయించండి. మా దగ్గర కోశాధికారి, కార్యదర్శి ఇద్దరే. ట్యాలీలో ఎవరి పాస్‌వర్డు వారికి ఇచ్చి, ఎడిట్ లాగ్ తెరిచి ఉంచాం. పాత వోచరును ఎవరు ఎప్పుడు మార్చారో దానిలో నిలిచిపోతుంది. పాస్టరుగారికి నిధుల మొత్తాలు చూపిస్తాం, పేర్లు చూపించం. ఇది నా పట్టుదల అని కొందరు అంటారు, అవును. ఎవరింట్లో ప్రార్థనకు వెళ్లినా ఆయనకు ఆ ఇంటి అంకె గుర్తుకు రాకూడదని నా కోరిక. మా పాస్టరుగారే ఒకసారి, నాకు చెప్పకపోవడమే మేలు అన్నారు. ఏడాది కాగితం మూసిన కవరులో, సభ్యత్వ సంఖ్య మీద, చేతికి ఇవ్వండి. అందులో ‘మీరు ఇచ్చినది’ అని ఉండాలి, ‘మీరు ఇవ్వవలసినది’ అనే వరుస ఉండకూడదు. 000లో పడ్డ విడి కానుకల మొత్తం కూడా కింద ఒక వాక్యంగా రాయండి, పేరు లేకుండా ఇచ్చినవాళ్లకు అది చేరిందని తెలుస్తుంది. ఈ పుస్తకాలు, లెక్కింపు కాగితాలతో సహా, పదేళ్లకు తగ్గకుండా దాచాలి.

ఏప్రిల్ 1 నుంచే మొదలుపెట్టండి, నడి ఏడాదిలో వద్దు. మూడు నెలలు నోటుపుస్తకం కూడా రాస్తూ రెండూ సరిచూసుకోండి. ప్రారంభ నిల్వల దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. బ్యాంకులో మొత్తం ఎంత ఉందో తెలుస్తుంది, అందులో మందిర నిధి ఎంత, పేదల నిధి ఎంత అనేది పాత పుస్తకంలో విడిగా ఉండకపోవచ్చు. మీరొక్కరే కూర్చుని పంచేయకండి. పాత రసీదులు దొరికినంత వరకు కూడి, ఆ మొత్తాలను పెద్దల ముందు పెట్టి, మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించి, సంతకాలయ్యాక ఆ అంకెలే ట్యాలీలోకి ఎక్కించండి.